టిఫిన్ మానేయాలా, రాత్రి భోజనం ముందుకు జరపాలా?

మా కాలనీ పార్కుకు ఉదయం నడకకు వచ్చేవాళ్లలో ఇద్దరు ‘పదహారు–ఎనిమిది’ పాటిస్తున్నారు. అంటే ఎనిమిది గంటల వ్యవధిలోనే తినడం, మిగతా పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచడం. ఒకాయన మధ్యాహ్నం పన్నెండు దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు, రాత్రి ఎనిమిదికల్లా భోజనం ముగిస్తాడు. రెండో ఆయన సాయంత్రం నాలుగు దాటాక వంటింటి వైపు చూడడు. రాత్రి పెళ్లి విందుకు వెళ్లినా నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని ఓ పక్కన నిలబడతాడు. ఇద్దరికీ పొట్ట తగ్గింది. ఎవరి పద్ధతి షుగరుకు మంచిదన్న వాదన మాత్రం రోజూ రెండో చుట్టు దగ్గర మొదలవుతుంది. నేను రెండూ ప్రయత్నించి, రెండూ వదిలేసి, మధ్యలో ఒక చోట కుదురుకున్నవాణ్ణి. కాబట్టి తీర్పు చెప్పమని నన్నే అడుగుతుంటారు.

ఈ పోలిక ఎవరికోసమో ముందే చెబుతాను. బరువు ఎక్కువై, షుగర్ అంచున ఉన్న మగవాళ్లకోసం. అంచు అంటే పరగడుపున 100 నుంచి 125 మధ్య, లేదా మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య. మనవాళ్లకు ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. పాశ్చాత్యుల కొలతలు ఇంకాస్త ఉదారంగా ఉంటాయి కానీ మన శరీరాలకు అవి పనికిరావు, ఎందుకంటే తక్కువ బరువుకే మనకు పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ఈ లెక్కలన్నీ విసుగనిపిస్తే దర్జీ టేపు తీసుకుని నడుముకు చుట్టి చూడండి. 90 సెంటీమీటర్లు దాటితే మిగతాది చదవాల్సిందే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు, అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల పైచిలుకు. పార్కులో ఆ వాదన వినేవాళ్లకు కొరత లేకపోవడానికి కారణం అదే.

ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు మాత్రం ఇక్కడ ఆగాలి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలో ఇన్సులిన్ ఇంజెక్షనో తీసుకుని, ఆ పూట భోజనం మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా పోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కోవ మాత్రలతో వచ్చే ప్రమాదం వేరు. ఎక్కువసేపు పస్తుంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు, అప్పుడు షుగర్ అంకె పెద్దగా పెరగకపోవడం వల్ల గుర్తించడమూ ఆలస్యమవుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఈ భయం చాలా తక్కువ. మీది ఏ మందైనా సరే, భోజన వేళలు మార్చే ముందు మందు వేళ, మోతాదు డాక్టరు చేత మార్పించుకోవాలి.

ఇక అసలు సంగతి. పొద్దున ఎనిమిదింటికి తిన్న నాలుగు ఇడ్లీలు, రాత్రి పదింటికి తిన్న అవే నాలుగు ఇడ్లీలు రక్తంలో ఒకేలా కనిపించవు. ఆరోగ్యవంతుల్లో సైతం రాత్రి తిన్నప్పుడే చక్కెర ఎక్కువ ఎత్తుకు వెళ్లి, ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. పగటి పూట క్లోమం చురుగ్గా ఇన్సులిన్ విడుదల చేస్తుంది, కండరాలు ఆ ఇన్సులిన్ మాట వింటాయి. చీకటి పడి నిద్ర హార్మోను మెలటోనిన్ పెరిగాక క్లోమం వేగం తగ్గిస్తుంది. పదింటికి అన్నం తిని పదకొండింటికి పడుకుంటే, ఆ అన్నం తాలూకు చక్కెర అర్ధరాత్రి దాటే దాకా రక్తంలో తిరుగుతూ ఉంటుంది.

“మరి నాకు టిఫిన్ తర్వాతే ఎక్కువ చూపిస్తోంది కదా?” అని చాలామంది అడుగుతారు. నిజమే. షుగర్ వచ్చినవాళ్లలో, వచ్చే దారిలో ఉన్నవాళ్లలో తెల్లవారుజామున కాలేయం గ్లూకోజును రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున అంకె పెరగడానికి కారణం అదే. దాని మీద మనం వేసేది దోసె, పూరీ, మైసూరు బోండా. నేరం వేళది కాదు, కంచంలో ఉన్నదానిది. పిండి దోసెకు బదులు పెసరట్టు, రెండు ఇడ్లీలకు తోడు రెండు గుడ్లు, గిన్నెడు సాంబారు తిని, అదే వేళకు కొలిచి చూడండి.

పద్ధతుల విషయానికి వస్తే, మొదటిది పార్కులో నీళ్ల గ్లాసు ఆయనది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు ముగించడం. శాస్త్రం వైపు నుంచి చూస్తే దీని బలమే ఎక్కువ. 2018లో అమెరికాలోని అలబామాలో ఎనిమిది మంది మగవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. అందరూ అధిక బరువున్నవాళ్లే, షుగర్ అంచున ఉన్నవాళ్లే. ఐదు వారాలు ఆరు గంటల వ్యవధిలోనే, మధ్యాహ్నం మూడులోపు రోజు తిండి ముగించారు. మరో ఐదు వారాలు అదే తిండిని పన్నెండు గంటల్లో తిన్నారు. బరువు తగ్గకుండా తిండి కొలిచి పెట్టారు. అయినా తొందరగా ముగించిన వారాల్లో ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు మెరుగైంది, రక్తపోటు తగ్గింది. షుగర్ అంకె మాత్రం పెద్దగా కదలలేదు. అదే అంకెను నిలబెట్టడానికి ఇన్సులిన్ తక్కువ పట్టింది. అంచున ఉన్నవాళ్లకు అది చిన్న లాభం కాదు, ఎందుకంటే ఏళ్ల తరబడి ఎక్కువ పని చేసి అలసిపోయేది క్లోమమే.

అయితే ఎనిమిది మందే. ఐదు వారాలే. పైగా మధ్యాహ్నం మూడింటికి రాత్రి భోజనం! నేను ఎనిమిది రోజులు చేశాను. తొమ్మిదో రోజు సాయంత్రం మా చెల్లెలి ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం వద్దనలేం కదా. ప్రసాదం వెనకే పులిహోర వచ్చింది, పులిహోర వెనకే విస్తరి వచ్చింది. వ్రతం సంగతి అలా ఉంచినా, రోజూ ఇంటిల్లిపాదీ రాత్రి కలిసి తినే ఇంట్లో ఒక్క మనిషి ఖాళీ కంచం ముందు కూర్చోవడం కష్టం. సూర్యాస్తమయంలోపు భోజనం ముగించే జైన కుటుంబాలు హైదరాబాదులో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు అది సాధ్యమవుతున్నదంటే ఇల్లంతా ఒకే వేళకు తింటుంది కాబట్టే. ఒక్కరి సంకల్పంతో అయ్యే పని కాదది.

రెండోది టిఫిన్ మానేసి పన్నెండు నుంచి ఎనిమిది దాకా తినడం. ఊళ్లో, ఫోన్లలో ఎక్కువగా ప్రచారంలో ఉన్నది ఇదే. కారణం ఊహించవచ్చు. ఆఫీసు హడావిడిలో టిఫిన్ ఎలాగూ సరిగా ఉండదు, రాత్రి భోజనం మాత్రం కుటుంబంతో ఉంటుంది. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. 2023లో షికాగోలో మధుమేహం ఉన్న 75 మందితో ఆరు నెలలు చేసిన ప్రయోగంలో పన్నెండు నుంచి ఎనిమిది దాకా తిన్నవాళ్లకు మూడు నెలల సగటు సుమారు 0.9 పాయింట్లు తగ్గింది. క్యాలరీలు లెక్కపెట్టుకుంటూ తిన్నవాళ్లకూ దాదాపు అంతే తగ్గింది. లెక్కల తలనొప్పి లేకుండా అదే ఫలితం అంటే కొందరికి అంతకంటే ఏం కావాలి? దీనికి వ్యతిరేక సాక్ష్యమూ ఉంది. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన ప్రయోగంలో 116 మంది పాల్గొన్నారు. అదే పన్నెండు–ఎనిమిది పద్ధతిని మూడు నెలలు పాటించినవాళ్లకు, మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్లకు బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తగ్గిన కాస్త బరువులో కండ వాటా ఎక్కువగా ఉందన్న అనుమానం కూడా వచ్చింది.

నా అనుభవం ఈ రెండో దానికి దగ్గర. రెండు నెలలు టిఫిన్ మానాను. పన్నెండింటికి కంచం ముందు కూర్చుంటే అన్నం రెండుసార్లు వడ్డించుకున్నా చాలేది కాదు. ఏడున్నరకు పకోడీ పొట్లం విప్పేవాణ్ణి, ఎనిమిదిలోపే కదా అన్న ధీమా. మధ్యాహ్నం భోజనం తర్వాతి అంకె అంతకుముందు కంటే పెరిగింది. ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. మధుమేహం ఉన్న 22 మందితో చేసి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఉదయం తిండి మానిన రోజున మధ్యాహ్న భోజనం తర్వాత గ్లూకోజు సుమారు 37 శాతం, రాత్రి భోజనం తర్వాత 27 శాతం ఎక్కువగా నమోదైంది. రెండు రోజులూ పెట్టిన భోజనాలు ఒకటే. పొద్దున కాస్త తిండి పడితే క్లోమం తర్వాతి పూటకు సిద్ధమవుతుంది, పడకపోతే మధ్యాహ్నం ఉలిక్కిపడి లేస్తుంది.

ఈ రెండింటినీ నేరుగా ఢీకొట్టించిన ప్రయోగం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగింది. 2019లో ప్రచురించారు. షుగర్ వచ్చే ముప్పున్న, పొట్టలు పెరిగిన పదిహేను మంది మగవాళ్లు ఒక వారం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా, మరో వారం మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా తిన్నారు. భోజనం తర్వాత చక్కెర పెరిగే తీరు రెండింటిలోనూ మెరుగైంది. పరగడుపు అంకె మాత్రం ముందు ముగించిన వారంలోనే తగ్గింది. మా పార్కు వాదనకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు కనిపించలేదు. నీళ్ల గ్లాసు ఆయనకే మొగ్గు, కానీ చిన్న మొగ్గు.

మూడోది నేను కుదురుకున్న చోటు. పొద్దున కాస్త ఆలస్యంగా మొదలు, సాయంత్రం కాస్త ముందుగా ముగింపు. మెల్‌బోర్న్‌లో 2020లో పదకొండు మంది ఊబకాయులైన మగవాళ్లతో చేసిన ప్రయోగంలో భోజనాలు పదింటికి, ఒంటిగంటకు, ఐదింటికి పెట్టారు. పోల్చడానికి మరో విడతలో ఏడింటికి, రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి పెట్టారు. ఐదు రోజుల తర్వాత చూస్తే ముందుగా ముగించిన విడతలో రాత్రి పూట గ్లూకోజు తక్కువగా ఉంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మధుమేహం ఉన్న 14 మంది పది గంటల వ్యవధిలో, సాయంత్రం ఆరులోపు తినడం ముగిస్తూ మూడు వారాలు గడిపారు. రోజులో షుగర్ అదుపులో ఉన్న సమయం 12 గంటల నుంచి 15 గంటలకు పెరిగింది. వీళ్లు ఆరు గంటల్లో ఇరుక్కోలేదు, టిఫిన్ మానలేదు. వదులుకున్నది రాత్రి భాగం ఒక్కటే.

మరి వేళల మహిమ అంత గొప్పదా? కాదు. 2024లో అమెరికాలో ఊబకాయం, అంచు షుగర్ ఉన్న 41 మందికి పన్నెండు వారాల పాటు ఒకే రకం తిండి, ఒకే పరిమాణంలో పెట్టారు. సగం మందికి పది గంటల్లో, అందులోనూ ఎక్కువ భాగం మధ్యాహ్నం ఒంటిగంటలోపు. మిగతావాళ్లకు సగానికి పైగా సాయంత్రం ఐదు తర్వాత. చివర్లో బరువులోనూ తేడా లేదు, షుగర్‌లోనూ తేడా లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందితో ఏడాది పాటు జరిగిన ప్రయోగమూ ఇంచుమించు ఇదే చెప్పింది. క్యాలరీలు తగ్గించుకున్నాక దానికి ఎనిమిది గంటల నియమం చేర్చినా అదనంగా కలిసివచ్చింది పెద్దగా లేదు. చిన్న ప్రయోగాల ఉత్సాహాన్ని పెద్ద ప్రయోగాలు చల్లార్చడం వైద్యంలో మామూలే. నా అంచనా ఇది: లాభంలో పెద్ద వాటా తక్కువ తినడానిది, దానివల్ల తగ్గే పొట్టది. వేళ చేసే మేలు ఆ పైన చిన్న కొసరు. కాకపోతే రాత్రి తలుపు మూసేస్తే తక్కువ తినడం దానంతట అదే జరిగిపోతుంది. మనవాళ్లు రాత్రి తొమ్మిది తర్వాత తినేది ఆకుకూర పప్పేమీ కాదు, మిక్చరు.

కాబట్టి ఎనిమిదా, పదా అని తేల్చుకునే ముందు మీ నోరు ఇప్పుడు ఎన్ని గంటలు ఆడుతోందో ఒక వారం రాసిపెట్టండి. పొద్దున ఐదున్నరకు పాలు, చక్కెర వేసిన కాఫీ. రాత్రి పదిన్నరకు గ్లాసుడు పాలు, ఒక అరటిపండు. ఇది పదిహేడు గంటల లెక్క! కాఫీని లెక్కలోకి తీసుకోనివాళ్లే ఎక్కువ. పాలు, చక్కెర పడితే అది తిండే. మజ్జిగా అంతే. ‘శనివారం ఒంటిపూట’ అని చెప్పి రాత్రికి నాలుగు ఉల్లి దోసెలు తినే ఉపవాసం సంగతి నేను వేరే చెప్పను. ఈ రెండు కొసలూ కత్తిరిస్తే పన్నెండు గంటలకు వచ్చేస్తారు. చాలామందికి మొదటి నెలకు ఆ మాత్రం చాలు. అక్కడి నుంచి పది గంటలకు రావడం కష్టం కాదు. పదిహేడు నుంచి ఒక్కసారిగా ఎనిమిదికి దూకినవాళ్లు పదో రోజుకు మళ్లీ పదిహేడులో ఉంటారు.

ఎంపిక మీ పనిని బట్టి మారాలి. తొమ్మిది నుంచి ఆరు దాకా కార్యాలయంలో ఉండేవాళ్లకు తొమ్మిదికి టిఫిన్, ఒంటిగంటకు ప్రధాన భోజనం, ఏడులోపు తేలికైన రాత్రి తిండి కుదురుతుంది. ఇబ్బందల్లా రాత్రి పదింటికి షట్టర్ దించే దుకాణదారుడికే. ఆయన ఇంటికి చేరి తినేసరికి పదకొండు. నేను చూసినంతలో దీనికి పనిచేసిన ఉపాయం ఒక్కటే. ఏడింటికి దుకాణంలోనే క్యారియర్ విప్పడం. రెండు జొన్నరొట్టెలు, కూర, పప్పు. పదకొండింటికి ఇంట్లో ఆకలి అనిపిస్తే మజ్జిగ తేట, అదీ లెక్కలోకి వచ్చేదే కానీ భోజనం కంటే నయం. మొదటి వారం ఇంట్లో అలకలుంటాయి, తర్వాత అలవాటవుతుంది. తెల్లవారుజామునే పొలానికి వెళ్లే రైతుకు, పేపరు వేసే కుర్రాడికి మొదటి పద్ధతే సహజం. వాళ్ల రోజు ఎలాగూ ముందే మొదలవుతుంది.

రాత్రి కొలువు చేసేవాళ్లకు, అంటే అమెరికా వేళలకు పనిచేసే ఐటీ ఉద్యోగులకు, కాపలా మనుషులకు లెక్క తారుమారవుతుంది. మేలుకుని ఉన్నాం కాబట్టి అర్ధరాత్రి రెండింటికి భోజనం చేయడం న్యాయంగానే అనిపిస్తుంది. 2021లో 19 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను ప్రయోగశాలలో ఉంచి రాత్రి డ్యూటీ పరిస్థితులు కల్పించి చూశారు. రాత్రి తిన్నవాళ్లకు గ్లూకోజు 6.4 శాతం పెరిగింది, పగలు మాత్రమే తిన్నవాళ్లకు పెరగలేదు. కాబట్టి కొలువుకు బయల్దేరే ముందే కడుపునిండా తిని, అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా నీళ్లు, చక్కెర లేని టీతో నెట్టుకురావడం మేలు. మరీ ఆకలైతే గుడ్డో, గుప్పెడు వేరుశనగలో.

మగవాళ్ల విషయంలో ఇంకో మాట దాచకూడదు, మద్యం. ‘తొమ్మిదికల్లా ముగించేస్తా’ అన్న నియమం శుక్రవారం రాత్రి రెండో పెగ్గు దగ్గర తెగిపోతుంది. తాగాక కాలేయం ఆ పనిలో పడి గ్లూకోజు విడుదల తగ్గిస్తుంది. ఖాళీ కడుపుతో తాగి, పైన గ్లిమిపిరైడ్ కూడా వేసుకున్నవాళ్లకు తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. పడుకున్న మనిషి మత్తులో ఉన్నాడో, షుగర్ పడిపోయిందో ఇంట్లోవాళ్లకు తెలియదు.

కండ గురించి కూడా జాగ్రత్త పడాలి. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే. వాటిని పోగొట్టుకుని బరువు తగ్గితే బేరం నష్టమే. తినే గంటలు తగ్గినకొద్దీ మాంసకృత్తులు సరిపడా పడటం కష్టమవుతుంది. ఒక్కపూట భోజనంలో ముద్దపప్పు ఎంతని తింటాం? ప్రతి పూటా పప్పు, గుడ్డు, చేప, పెరుగు, శనగల్లో ఏదో ఒకటి గట్టిగా ఉండాలి. వారంలో రెండు మూడు రోజులు బరువులెత్తడమో, దండీలు, గుంజీలో చేయాలి. రాత్రి తిండి తర్వాత పావుగంట నడిస్తే ఆ పూట చక్కెర పెరుగుదల కళ్లెదుటే తగ్గుతుంది. వేళ మార్చడం వీలుకాని రోజున నాకు ఆదుకునేది ఆ నడకే.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వేలిని రోజుకు పదిసార్లు గుచ్చుకోనక్కర్లేదు. ఇంట్లో వాడే మీటరు 100 ఉన్న చోట 85 నుంచి 115 దాకా ఏదైనా చూపించవచ్చు, ప్రమాణాలే దానికి అంత వెసులుబాటు ఇస్తాయి. నిన్న 112, ఇవాళ 106 అని మురిసిపోతే రేపు 118 చూసి కుంగిపోతారు. వారానికి రెండు రోజులు పరగడుపున, అవే రోజుల్లో రాత్రి తిండి మొదలుపెట్టిన రెండు గంటలకు కొలవండి. ఆరు వారాలు రాసి సగటు చూడండి. నెలకోసారి టేపు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ. పరగడుపు అంకె మొండిది, వెంటనే కదలకపోవచ్చు. నడుము రెండు మూడు సెంటీమీటర్లు తగ్గి అంకె కదలకపోతే కొనసాగించండి. మూడు నెలలైనా రెండూ కదలకపోతే వేళలతో ఇక కుస్తీ పట్టకండి. అన్నం పరిమాణం సగానికి తగ్గించడం, డాక్టరుతో మందు సంగతి మాట్లాడటం మిగిలిన దారులు.

పార్కులో మొన్న పన్నెండు గంటలాయన సూటిగా అడిగాడు, తను మారాలా వద్దా అని. మూడు నెలల సగటు 6.3 నుంచి 5.9కి వచ్చింది, ఏడాదిగా తప్పకుండా పాటిస్తున్నాడు. మారనక్కర్లేదన్నాను. నిలబడిన అలవాటును కదిలించి, నిలబడుతుందో లేదో తెలియనిదాన్ని నెత్తికెత్తుకోవడం ఎందుకు? పన్నెండింటి మొదటి ముద్దకు ముందు గుడ్డో, కూరో తినమన్నాను, ఎనిమిదిని ఏడు చేయగలిగితే చేయమన్నాను. నీళ్ల గ్లాసు ఆయన మాత్రం వచ్చే నెల మేనకోడలి పెళ్లి, రాత్రి ముహూర్తం, ఏం చేయమంటారని అడిగాడు. బంతిలో కూర్చుని తినమన్నాను. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మామూలుగా టిఫిన్ తినాలి, రాత్రి తిన్నందుకు శిక్షగా దాన్ని మానకూడదు.